ముక్కు మూసుకున్న చేపలు

మరీ మన్నూ మిన్నూ పుట్టిన నాటి కథేం కాదు. తెల్లదొరలు మన నేలమీద కుర్చీ వేసుకుని కూర్చున్న నాటి కథ. అప్పుడు ఏటి ఒడ్డున ఒక అద్దకాల ఊరు ఉండేది. ఆ ఊళ్లో నాంచారమ్మ అని ఒక ముసలామె. టేకు చెక్కమీద అద్దకం అచ్చులు చెక్కడం ఆమె పని. పువ్వు చెక్కితే పువ్వే, నెమలి చెక్కితే నెమలే. అక్షరమ్ముక్క మాత్రం రాదు.

ఒకనాడు దొర రేవుకు కంచె వేయించాడు. "నల్లవాళ్ల చేతులు పడితే నీళ్లు మైలపడతాయి. ఈ రేవు మాకే" అన్నాడు. పారే నీళ్లలో జాడించకపోతే అద్దకం తేటపడదు. అద్దకం లేకపోతే ఆ ఊరికి కూడు లేదు.

ఊరంతా తల పట్టుకుంది. నాంచారమ్మ ఉలి పట్టుకుంది.

ఏం చెక్కింది? రేవులో మునిగిన దొరను చెక్కింది, నెత్తిన టోపీతో సహా. చుట్టూ చేపలు. అన్నీ రెక్కలతో ముక్కులు మూసుకున్నవే! కాగితాలమీద అద్ది, గంజి పూసి, సంత గోడలకు అంటించింది. చదువు రానివాడు కూడా చూసి పగలబడి నవ్వాడు.

దొరకు ఒళ్లు మండింది.

"ఎవరు చేశారిది?"

"నేనే" అంది నాంచారమ్మ.

కాగితాలు చింపించాడు. మళ్లీ అంటించింది. అచ్చు తగలబెట్టించాడు. మళ్లీ చెక్కింది. మూడోసారి, ఎవరింట్లో ఆ బొమ్మ కనిపించినా సంకెళ్లేనని చాటింపు వేయించాడు.

నాంచారమ్మ కాగితమూ రంగూ మానేసి, ఇంటింటి గుడ్డలమీదా ఆ బొమ్మనే పటిక నీళ్లతో అద్దింది. పటిక గుడ్డమీద కనబడదు. ఎర్రరంగు వేరు కషాయంలో ఉడికిస్తేనే అద్దినచోట ఎర్రగా తేలుతుంది. ఆ సంగతి అద్దకంవాళ్లకు తప్ప ఎవరికి తెలుసు? జవాన్లు వచ్చి వంద గుడ్డలు తిరగేశారు. "ఉత్త తెల్లగుడ్డలు" అని పోయారు.

మర్నాడు పొద్దున్నే ఇంటింటా కాగులు పొయ్యెక్కాయి. వంద గుడ్డలమీద వందమంది దొరలు ఎర్రగా తేలారు. మరి ఉడికిన గుడ్డను జాడించాలిగా!

"పదండర్రా రేవుకి" అంది నాంచారమ్మ.

"తుపాకులున్నాయే అత్తా!" అంది పక్కింటి శేషమ్మ.

"ఉంటే ఉండనీ. ఆ ఏరు ఆడి బాబు తవ్వించాడా?"

కంచె విరిచి ముందు తనే నీళ్లలో దిగింది. తుపాకీ పేలింది. నాంచారమ్మ ఒరిగిపోయింది.

ఒక్కరూ వెనక్కి తిరగలేదు. శేషమ్మ ఏడుస్తూనే ఆమె చేతిలోని గుడ్డ అందుకుని జాడించింది. వెనకాలే ఊరంతా దిగింది. ఎంతమందిని కాలుస్తాడు? సాయంత్రానికల్లా దొరే కంచె పీకించాడు. మహాతల్లి, అది చూడకుండానే పోయింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఎంత గొప్పవాడైనా సరే, "మీరు రాకూడదు" అని బోర్డు పెట్టాడా, తెల్లారేసరికి దానిమీద ఎర్ర అద్దకం గుడ్డ వేలాడుతుంది. ఎవరు కట్టారని పోలీసులు ఇల్లిల్లూ తిరుగుతారు. ముసలీ ముతకా, పిల్లా మేకా, అందరిదీ ఒకటే మాట.

"నాంచారమ్మ."

"ఆవిడ ఎప్పుడో చచ్చిపోయిందిగా!"

"అయితే పట్టుకోండి చూద్దాం."