మెట్టురాళ్ళ దారి

ఒక ఊళ్ళో పురపాలక సంఘం దగ్గర ఆ ఏడు ఒక్క రోడ్డుకు సరిపడా డబ్బే మిగిలింది. రోడ్డు అడిగినవాళ్ళు మాత్రం రెండు వైపులా ఉన్నారు.

ఆ ఊరు ఏటవాలు నేల మీద ఉంది. పైన ఎగువ వీధి, కింద దిగువ వాడ, మధ్యలో అరమైలు నల్లరేగడి. తెల్లవారి ఆ రేగడి మీద మంచు కమ్ముకుంటే కింద వాడ ఉందో లేదో పైవాళ్ళకు తెలిసేది కాదు. చాలామందికి మంచు విడిపోయాక కూడా తెలిసేది కాదు.

ఎగువ వీధిలో రోడ్డుంది. గతుకులు పడింది కాబట్టి కొత్తది కావాలన్నారు. దిగువ వాడకు రోడ్డే లేదు. సభ్యులు పన్నెండుమందిలో ఆరుగురు అటు, ఆరుగురు ఇటు. ఇక తేల్చాల్సింది అధ్యక్షురాలు మాణిక్యాంబ. ఆమె ఇల్లు ఎగువ వీధిలోనే.

"కింద రోడ్డేస్తే ఎవరు చూస్తారు?" అన్నాడు ఒక సభ్యుడు.

"నడిచేవాళ్ళు చూస్తారయ్యా" అంది వెనక వరసలోంచి ఒక ముసలామె. ఆమె పేరు సింగమ్మ. దిగువ వాడ తరఫున అర్జీ తెచ్చింది.

మాణిక్యాంబ ఆ కాగితం చూసింది. 'రోడ్డు కావాలి' అని తప్ప అందులో ఇంకేమీ లేదు.

"ఎందుకో రాయించలేదేం?"

"చెబుతుంటే రాసే ఆయనకు కళ్ళనీళ్ళొచ్చాయమ్మా. అక్కడితో ఆపేశాడు."

ఆయనకు చెప్పిందే సింగమ్మ మళ్ళీ చెప్పింది. పోయిన వానాకాలంలో పెద్దకోడలికి నొప్పులొస్తే మంచం మీద మోసుకొచ్చారు. రేగడిలో మోకాలి లోతు దిగబడ్డారు. పైకి చేరేసరికి మంచం మీద ప్రాణం లేదు. ఇప్పుడు చిన్నకోడలికి కార్తీకంలో నెలలు నిండుతాయి.

"రేపు చెబుతాను" అని మాణిక్యాంబ సభ ముగించింది.

మర్నాడు పొద్దున్నే మాణిక్యాంబ, సింగమ్మ ఇద్దరూ రేగడిలోకి దిగారు. మంచు పాలలా పరుచుకుని ఉంది. పది అడుగులు వేసేసరికి వెనక ఊరు లేదు, ముందు వాడ లేదు. నేల మాణిక్యాంబ పాదాన్ని పట్టుకుని ఏదో అడుగుతున్నట్టు వదిలేది కాదు. సగం దూరం వెళ్ళాక ఆమెకు మంచం కిర్రుమన్న చప్పుడు వినబడింది. నలుగురు మనుషుల రొప్పు వినబడింది. ఆ చప్పుడు వాళ్ళ పక్క నుంచే మెల్లగా పైకి వెళ్ళింది. ఎవరూ కనబడలేదు.

"ఎవరో వెళ్తున్నారు సింగమ్మా."

"వెళ్తూనే ఉంటారమ్మా. ఇంకా చేరలేదు."

ఆ సాయంత్రం సభలో మాణిక్యాంబ దిగువ వాడ వైపు చెయ్యెత్తింది.

పని మొదలైంది. కంకర పోసిన కొద్దీ రేగడి మింగింది. అంచనా వేసిన డబ్బు సగం దారిలోనే అయిపోయింది. ఇంజనీరు అక్కడొక ఎర్రజెండా పాతాడు.

"మిగతాది వచ్చే ఏడండీ. కింద గట్టిరాయి పరిస్తే తప్ప ఈ నేల నిలవదు. అంత రాయి కొనలేం."

"కార్తీకం వచ్చే ఏటిదాకా ఆగదు కదా" అంది మాణిక్యాంబ.

ఆమె ఇంటికి తిరిగొచ్చి గుమ్మం ముందు నిలబడిపోయింది. ఎగువ వీధిలో ప్రతి ఇంటి ముందూ మెట్టురాళ్ళున్నాయి. కొందరికి ఒకటి, కొందరికి మూడు. ఎన్ని మెట్లుంటే అంత గొప్ప ఇల్లు. తాతముత్తాతల పాదాలకు అరిగి అవి నున్నగా మెరుస్తాయి.

ఆమె గునపం తెప్పించి తన ఇంటి రాళ్ళు పెకలించింది.

"పైకెక్కే మెట్లు తీసేసుకుంటున్నావేంటి వదినా?" అంది పక్కింటావిడ.

"దిగడం తేలికవుతుందిలే."

మూడు రోజులు ఆ రోడ్డులో ఆమె రాళ్ళే ఉన్నాయి. నాలుగోనాడు పక్కింటావిడే తన రాయి చూపించి, "ఇదీ తీసుకెళ్ళండి, కాలు నొప్పికి ఎక్కలేకపోతున్నాను" అంది. తర్వాత ఒక్కొక్కటే కదిలాయి. రాళ్ళు తీసిన చోట గుమ్మం దాకా మట్టి వాలుగా పోసుకున్నారు. ఎవరు చూస్తారని సభలో అడిగిన సభ్యుడి ఇంటికి ఏడు మెట్లు. ఆయన ఆరు ఇచ్చి ఒకటి ఉంచుకున్నాడు. వారం తిరక్కుండా అది కూడా బండెక్కింది. ఎవరు ఎక్కించారని ఆయన విచారించలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం దిగువ వాడలోకి ఆటో దిగింది. మళ్ళీ పైకి వెళ్ళింది. ఎక్కడా ఆగలేదు. సాయంత్రానికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు పొద్దున సింగమ్మ ఆ కబురు చెప్పడానికి బయల్దేరింది. మంచులో దారి ఆమె కాళ్ళ కింద నున్నగా జారుతూ ఉంది. ఆమె వయసంతా ఎగువ వీధికి వచ్చిపోతూనే ఉంది. ఏ ఇంటి ముందైనా మెట్టురాయి కనబడగానే కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. ఆ రోజు రాయి కనబడలేదు. ఆమె పిల్ల ముక్కు గురించి, జుట్టు గురించి తనలో తాను చెప్పుకుంటూ నడుస్తూనే ఉంది. చెప్పడం అయిపోయేసరికి పొయ్యి వేడి ముఖానికి తగిలింది.

మాణిక్యాంబ పాలగిన్నె పట్టుకుని వెనక్కి తిరిగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఎక్కడాగాలో తెలీలేదమ్మా" అంది సింగమ్మ, చెమటలు పట్టి.

మాణిక్యాంబ వీధివైపు చూసింది. మంచు లోపలికి వస్తూ ఉంది. వీధి ఎక్కడైపోయిందో, ఇల్లు ఎక్కడ మొదలైందో ఆమెకూ కనబడలేదు.

"నాకూ తెలీడం లేదు. కూర్చో పెద్దమ్మా" అని పీట వాల్చింది. "పిల్ల ఎవరి పోలిక?"

అప్పుడే ఇంజనీరు వచ్చాడు. రోడ్డు పొడవు పుస్తకంలో ఎక్కించాలి. దిగువ వాడ చివరింటి నుంచి కొలుచుకుంటూ, తలవంచుకుని టేపునే చూస్తూ వచ్చాడు. తలెత్తేసరికి ఎదురుగా పాలు పొంగుతున్నాయి. పొయ్యి పక్కన ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు.

"రోడ్డు ఎక్కడిదాకా రాసుకోమంటారండీ?"

వాళ్ళకు వినబడినట్టు లేదు.

ఆయన టేపు చేత్తో పట్టుకుని, ఒక కాలి చెప్పు విప్పాడు. రెండోది విప్పాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు.