రాజుగారి చెలమ

ఒకానొక ఏటిగట్టు రాజ్యాన్ని రణకేసరి అనే రాజు ఏలేవాడు. యుద్ధం మొహం ఎరగడు, పేరు మాత్రం అది. ఎవరైనా ఖాళీగా కూర్చుంటే ఆయనకు ఒళ్లు మండేది. తాను పొద్దస్తమానం సింహాసనం మీద కూర్చునేవాడనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఊరికంతటికీ ఒక్కటే వీధిబడి. సోమావధాన్లు పంతులు నడిపేవాడు. ఒకనాడు రాజుగారు పల్లకీలో పోతూ, అరుగు మీద కూర్చుని పాఠం చెబుతున్న పంతుల్ని చూశారు. కూర్చోవడమూ ఒక పనేనా అనుకున్నారు. ఇంకేముంది, ఊళ్లో పశువుల్ని లెక్కపెట్టే పని పంతులు నెత్తిన పడింది. ఆ వెనకే విడిదికి వచ్చిన అతిథుల్ని చూసుకోవడం, ఉత్సవానికి తోరణాలు కట్టించడం, సాయంత్రాలు రాణివాసంలో పురాణం చెప్పడం. అవి చాలవన్నట్టు రాజుగారి మీద రోజుకో పద్యం. పంతులు మెతక మనిషి, దేనికీ కాదనలేదు. పాపం, అన్నం ముందు కూర్చుని కూడా కోడెదూడల్ని లెక్కపెట్టుకునేవాడు.

చివరికి ఒకనాడు బడిలో ఓ పసిపిల్ల అర్థం కాలేదని అడిగిందే అడిగితే, చెంప మీద కొట్టాడు. ఏనాడూ బెత్తం పట్టని మనిషి. ఆ పిల్ల ఏడవనైనా ఏడవక, బిత్తరపోయి చూసింది. పంతులు ప్రాణం ఉసూరుమంది.

బడి వదిలి తిన్నగా కోనప్ప ఇంటికి వెళ్లాడు. కోనప్ప కొలువులో విదూషకుడు, రాజుగారిని నవ్వించి బతికేవాడు. పంతులు ఆయన ముందు కూలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"పిల్లల్ని చూస్తేనే విసుగొస్తోంది కోనప్ప గారూ. ఇక నేను పంతుల్ని కాను. బడి మూసేసి అత్తవారి ఊరు పోతాను."

అడిగినవాడికల్లా గంగిరెద్దులా తలాడిస్తే ఇంతేనని కోనప్ప ముందు నాలుగు చివాట్లు పెట్టాడు. తరువాత మజ్జిగ తాగించి, రేపొక్కరోజు ఓపిక పట్టమన్నాడు.

అప్పుడు నడివేసవి. ఏరు ఎండిపోయి ఇసుక మిగిలింది. ఆ ఇసుకలో రాజుగారి కోసమని ఒక చెలమ తవ్వి ఉంచారు. తెల్లవారుజామున అందులో ఊరిన నీళ్లు ఒక కుండెడు మెల్లగా తోడి తెస్తే, రాజుగారు ఆ నీళ్లే తాగేవారు. వేరే నీళ్లు గొంతు దిగవు.

మర్నాడు పొద్దున్నే కోనప్ప రాజుగారి దగ్గరికి పోయి, ఆ చెలమ పొద్దున కుండెడు నీళ్లిచ్చి, ఆపైన రోజంతా ఖాళీగా పడి ఉంటోందని, సెలవిస్తే దానికీ పని చెబుతానని విన్నవించుకున్నాడు. ఖాళీ అన్నమాట చెవిన పడితే చాలు కదా, రాజుగారు వెనకాముందు చూడకుండా సరేనన్నారు.

ఇక చూసుకోండి. గుర్రాలకు ఆ నీళ్లే. వాకిళ్లలో కళ్లాపికి ఆ నీళ్లే. బట్టలుతకడానికీ అవే. మిట్టమధ్యాహ్నం, పొద్దుటి కుండ ఖాళీ అయ్యాక, రాజుగారు మళ్లీ దాహమన్నారు. బంగారు చెంబులో బురద వచ్చింది.

రాజుగారు పుక్కిలించి ఉమ్మి, కోనప్పను పిలిపించి నిప్పులు చెరిగారు. సెలవిచ్చింది ప్రభువులే కదా అన్నాడు కోనప్ప అమాయకంగా.

"బుద్ధి ఉందటయ్యా నీకు? చెలమను ఊరనివ్వాలి. ఆగకుండా తోడితే బురద కాక ఇంకేం వస్తుంది?"

"చిత్తం. సోమావధాన్లు పంతులు నిన్న ఒక పసిదాన్ని కొట్టాడు ప్రభూ. బడి మూసేసి ఊరు విడిచి పోతానంటున్నాడు. ఆయన్నీ మనం ఆగకుండానే తోడాం."

రాజుగారు చెంబులోని బురదను ఒకసారి చూశారు. తరువాత పంతుల్ని పిలిపించి, నేటినుంచి నీకు బడి తప్ప మరో పని లేదని అందరూ వినేలా చెప్పారు.

పంతులు చేతులు జోడించాడు. పోవడానికి వెనుదిరిగాడో లేదో, రాజుగారికి పాత గుణం పొడుచుకొచ్చింది.

"ఎలాగూ తీరిక దొరికింది కదా పంతులూ, మా దయాగుణం మీద ఓ నూరు పద్యాలు అల్లిపో."

పంతులు తల అలవాటుగా కిందికి దిగబోయింది. సగంలో ఆగింది.

"కుదరదు ప్రభూ. బడి వేళయింది. ఒక పిల్లకు పాఠం బాకీ ఉన్నాను."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. చేతి కడియం తీసి కోనప్ప ఒళ్లో పడేశారు, ఇంకోటి తీసి పంతులు కోసం చూశారు. పంతులు అప్పటికే కోట మెట్లు దిగి, బడి వైపు గబగబా నడుస్తున్నాడు.