చల్లారిన తేలిక భోజనం

అడవి దాటి కొండరోడ్డు ఎక్కే మలుపులో నక్క భూషణం హోటల్ పెట్టాడు. గుమ్మం మీద పచ్చరంగు బోర్డు కట్టించాడు. "ఒళ్ళు తగ్గాలనుకునేవారికి తేలిక భోజనం. అంతా ఆవిరి మీద ఉడికించిందే. నూనె చుక్క లేదు." చదివినవాళ్ళకు అది హోటలో వైద్యశాలో తేలేది కాదు. వంటింట్లోకి మాత్రం పిల్లిని కూడా రానిచ్చేవాడు కాదు భూషణం.

ఆ తేలిక భోజనానికి రోజూ వచ్చేది పైడమ్మ అనే లేడి. వానాకాలంలో గిట్టకు దెబ్బ తగిలి మూలన పడుకోవడంతో ఆమెకు ఒళ్ళొచ్చింది. ఇవతలి గట్టున గడ్డి అయిపోవస్తోంది. మాఘమాసం వెళ్ళేలోగా మంద మొత్తం వాగు దూకి అవతలి గట్టుకు పోవాలి. ఆ వాగు రెండు బండల మధ్య లోతుగా, కోసేసినట్టు ఉంటుంది. దూకలేనివాళ్ళు ఇవతలే ఉండిపోవాలి, ఇవతల చిరుత ఉంది. అందుకని పైడమ్మ గడ్డిపరక కూడా ముట్టకుండా, ఒంటిపూట భూషణం దగ్గర తిని ఊరుకునేది. అయినా ఒళ్ళు తగ్గకపోగా పెరిగింది.

"ఏం చెల్లెమ్మా, మళ్ళీ బరువెక్కినట్టున్నావే" అన్నాడు ఒకరోజు భూషణం, గరిటెడు తోటకూర ఆకులో వేస్తూ.

"నీ భోజనం తప్ప ఇంకేం తినట్లేదన్నా."

"మా భోజనంలో లోపం ఉంటే ఇంతమంది వస్తారా? ఇంట్లో చాటుగా ఏమన్నా నములుతున్నావేమో చూసుకో. నోరు కట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదులే. ఊఁ, వేడి మీద తినెయ్. చల్లారితే ఆవిరి గుణం పోతుంది."

చుట్టుపక్కల బల్లల వాళ్ళు నవ్వారు. పైడమ్మ తల దించుకుని తింది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. వండేది వీడు, వడ్డించేది వీడు, వద్దన్నా కొసరి కొసరి వేసేది వీడు. ఒళ్ళొస్తే తప్పు మాత్రం తిన్నవాళ్ళది. పైగా నలుగురిలో పెట్టి అనడం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా పరవాలేదంటారు. వడ్డించేవాడు నక్క అయితే ఏ బంతిన కూర్చున్నా ఒకటే.

ఆ సాయంత్రం పైడమ్మ వాగు దూకబోయి జారింది. ముందుకాళ్ళు అవతలి బండకు తగిలాయి గానీ వెనక భాగం పైకి లేవలేదు. నిలువుగా ఉన్న ఆ బండ ఎక్కలేక, తడిసి, వణుకుతూ ఇవతలికే ఈదుకొచ్చి ఏడుస్తూ కూర్చుంది. నీళ్ళకు వచ్చిన బండి ఎద్దు అప్పలస్వామి చూశాడు. సంగతంతా విన్నాడు.

"నీళ్ళు తాగి బతుకుతున్నట్టే ఉన్నావు. మరి ఈ ఒళ్ళు ఎక్కణ్ణించి వస్తోందమ్మా?"

"నా ఖర్మ మావయ్యా. నా ఒళ్ళే అంత అంటున్నాడు."

"ఖర్మ సంగతి తర్వాత చూద్దాం. రేపు నేనూ వస్తాను. ఆ భోజనమేదో నేనూ తింటాను."

మర్నాడు పొద్దున్న చలి ఎముకలు కొరుకుతోంది. అప్పలస్వామి బల్ల ముందు కూర్చున్నాడు. ఆకులో ఉడికించిన జొన్నలు, తోటకూర పడ్డాయి. ఎద్దు తిండి సంగతి మీకు తెలుసు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, దవడ ఇటు నుంచి అటు తిప్పుతూ కూర్చున్నాడు.

"స్వామీ, కాస్త చురుగ్గా కానివ్వండి. చల్లారిపోతుంది" అన్నాడు భూషణం.

"నావి నాలుగు పొట్టలు బాబూ. వాటన్నిటినీ అడక్కుండా ఏదీ లోపలికి పంపను."

భూషణం ఇంకో బల్ల దగ్గరికి పోయాడు. అప్పలస్వామి రెండో ముద్ద కోసం కళ్ళు తెరిచేసరికి ఆకు అంచు వెంట ఏదో తెల్లగా కనబడింది. నాలుక ఆనించి చూశాడు. పక్కనే పైడమ్మ తినబోతుంటే ఆమె ఆకుకు గిట్ట అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. కాసేపు కబుర్లు చెప్పుకుందాం. ఇలా రా భూషణం, కూర్చో."

"ముందు తినండి స్వామీ. కబుర్లెక్కడికి పోతాయి?"

"తోటకూరెక్కడికి పోతుంది? ఇంతకీ దీన్ని దేంతో వండావు?"

"ఆవిరితో. బోర్డు మీద ఉందిగా."

"నూనె?"

"చుక్క లేదు. మా అమ్మ తోడు."

"నెయ్యి?"

"ఈ వంటింటికి దాని వాసన తెలీదు."

"వనస్పతి?"

భూషణం వంటింటి వైపు ఒకసారి చూశాడు. "ఆ పేరు ఇప్పుడే వింటున్నాను. చల్లారిపోతోంది స్వామీ, మీకు దణ్ణం పెడతాను, తినండి."

"చల్లారనీ. నాకు తొందరేం లేదు."

చలిగాలి తలుపులోంచి వచ్చి పోతూ ఉంది. అప్పలస్వామి బండి తోలేవాడి గురించి ఒక కథ చెప్పాడు, కాడి గురించి ఇంకో కథ చెప్పాడు. అప్పుడు తన ఆకు అంచు పళ్ళతో పట్టుకుని పైకెత్తి, అందరూ చూస్తుండగా బోర్లించాడు. ఒక్క జొన్నగింజ రాలలేదు. తోటకూర తెల్లగా గడ్డకట్టి ఆకుకు అతుక్కుని తలకిందులుగా వేలాడింది.

"భూషణం, ఆవిరి ఇంత గట్టిగా అంటుకుంటుందని నాకు తెలీదు సుమా" అన్నాడు ఎద్దు.

మూల బల్ల దగ్గరి గేదె తన ఆకు కూడా తిప్పి చూసింది. "నాకంటే పరవాలేదు, సన్నబడితే నన్నెవరూ గుర్తుపట్టరు. పాపం ఆ లేడి ఉసురెందుకు పోసుకున్నావయ్యా?" అంది.

"రుచి కోసం ఏదో ఒక గరిటె..." భూషణం నీళ్ళు నమిలాడు.

పైడమ్మ లేచి నిలబడింది. "ఆకలితో పడుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. నోరు కట్టుకోవడం రాదని నువ్వంటే నిజమే కాబోలనుకున్నాను. నీ రుచి కోసం నన్ను చిరుతకు వదిలేద్దామనుకున్నావా?"

భూషణం తేలు కుట్టిన దొంగలా గరిటె వెనక్కి దాచుకున్నాడు.

ఆ రోజు నుంచి అక్కడ తినే పద్ధతే మారింది. తినేవాళ్ళంతా కలిసి వంటింటి తలుపు తీయించారు. కూర కళ్ళ ముందు ఉడకాలి, తాలింపు వేరే గిన్నెలో రావాలి, కావలసినవాళ్ళు కావలసినంత వేసుకోవాలి. భూషణం అంటగట్టే మీగడ లస్సీ బదులు పలచటి మజ్జిగ అడిగారు. ఒక కుడుము ఇద్దరు పంచుకున్నారు. కడుపు నిండగానే ఆకు మడిచేశారు, మడిచిన ఆకులో కొసరు వెయ్యడానికి ఏ నక్కకూ దారి లేదు. పైడమ్మ మొదట్లో అడగడానికి సిగ్గుపడేది. తర్వాత తర్వాత సిగ్గు భూషణానికి వదిలేసింది.

మిగిలిపోయిన వనస్పతి డబ్బాలు పారబొయ్యడానికి భూషణానికి చేతులు రాలేదు. రోజూ అన్నంలో కలుపుకుని తనే తిన్నాడు.

మాఘం చివర మంద కదిలింది. పైడమ్మ వెనక్కి నడిచి, పరిగెత్తి, ఒక్క దూకులో అవతలి బండ మీద నిలబడింది. ఇవతల లేళ్ళు లేక ఆకలి మీదున్న చిరుత హోటల్ వైపు తిరిగింది. భూషణం పొట్ట ఊపుకుంటూ వాగు దాకా పరిగెత్తుకొచ్చి, అంచున ఆగి, దూరం చూసి కూలబడ్డాడు.

అవతలి నుంచి పైడమ్మ అడిగింది. "ఏం అన్నా, ఇంట్లో చాటుగా ఏమన్నా నమిలావా?"

జవాబు చెప్పే తీరిక అతనికి లేదు. కళ్ళు మూసుకుని వాగులోకి దొర్లాడు. చిరుత విసుగెత్తి వెళ్ళిపోయేదాకా చన్నీళ్ళలో రాయి పట్టుకుని వేలాడాడు, బోర్లించిన ఆకుకు తోటకూర వేలాడినట్టు.

నీతి: హోటల్లో నోరు ముందు అడగడానికి తెరవాలి, ఆ తర్వాతే తినడానికి.