పైకి చెప్పలేని నేరం

శత్రురాజు పేరులో ఉందని ‘ళ’ అక్షరాన్నే నిషేధించాడు ఆ రాజు. పలికితే నాలుక కోతే. నేరం సభలో పైకి చెప్పందే శిక్ష వేయకూడదని ఆచారం. కొత్వాలు గద్దించగానే అన్న మాట తామే చెప్పేసి, అప్పటికే ఏడుగురు నాలుకలు పోగొట్టుకున్నారు.

ఎనిమిదో మనిషి గంపలల్లే ఎర్రక్క. గుడిసె అంటుకుంటే, లోపల మంచాన పడున్న మొగుడి కోసం “నీళ్లు, నీళ్లు” అని అరిచింది.

“ఏమన్నావే?” సభలో కొత్వాలు గద్దించాడు.

“విన్నది తమరు. తమరే చెప్పండి దొరా.”

కొత్వాలు నోరు తెరిచి, తలారి చేతిలో కత్తి చూసి మూసేశాడు. మంత్రి తల దించుకున్నాడు. రాజుకీ నోరు పెగల్లేదు. చివరికి “పో” అన్నాడు.

ఎర్రక్క కదల్లేదు.

“మొన్న ఊరంతా ఇలాగే నోరు మూసుకుంది దొరా. అందుకే నా ముసలాడు కాలిపోయాడు.”