తోపుడు బండీ, ఇన్వర్టర్ ఏసీ

భాస్కరం మాస్టారిని ప్రశ్న అడిగేవాడు ముందు చొక్కా చేతులు మడుచుకోవాలని ఆయన శిష్యులందరికీ తెలుసు. ఒంగోలులో రేకుల షెడ్డు వేసుకుని ఏసీల పని నేర్పే ఆ పెద్దమనిషికి జవాబు నోటితో చెప్పే అలవాటు లేదు. అది తెలిసి కూడా ఏసుబాబు ఓ మే నెల మధ్యాహ్నం అడగనే అడిగాడు.

"మాస్టారూ, ఇన్వర్టర్ ఏసీ నిజంగా కరెంటు మిగులుస్తుందా? లేక అవన్నీ మనం జనానికి చెప్పే కబుర్లేనా?"

అతని బాధ అతనిది. గుండె ఆపరేషనై మంచాన ఉన్న బాబాయి కోసం, కరెంటు బాగా కలిసొస్తుందని తనే పూచీపడి, పాత ఏసీ తీసేసి ఇన్వర్టర్ ఏసీ బిగించాడు. బిల్లు రవ్వంతైనా తగ్గలేదు. పిన్ని సువార్తమ్మకు ఒళ్ళు మండింది. ఆ మిషను అమ్మేస్తానని, అందాకా వేసేదే లేదని భీష్మించుకు కూర్చుంది. ఆ ఎండల్లో బాబాయి ఒంటిమీద తడిగుడ్డ వేసుకుని పడుకుంటున్నాడు. ఏసుబాబుకు అన్నం సహించడం లేదు.

మాస్టారు అంతా విని, "మీ పిన్నిని తీసుకురా" అన్నారు.

సువార్తమ్మ వస్తూనే అందుకుంది. "అయ్యా, నేనేం దుబారా మనిషిని కాదు. పదహారులో పెడతాను, గది ఇట్టే చల్లబడుద్ది. చల్లబడగానే కట్టేస్తాను. మళ్ళీ ఆయనకి చెమట పడితేనే వేస్తాను. రోజంతా నాకిదే పని. ఇంత చూసి చూసి వాడినా బిల్లు తగ్గలేదంటే ఇది మిషనా, మాయా?"

ఈ పద్ధతి మన ఇళ్ళలో ఎవరికీ కొత్త కాదు. గదిలోంచి వస్తూ లైటు ఆర్పినంత శ్రద్ధగా, చల్లబడిన గదిలో ఏసీ ఆర్పి గర్వపడే జాతి మనది.

మాస్టారు వాదించలేదు. పాత కంప్రెసర్లు నిండుగా ఉన్న తోపుడు బండిని చూపించి, దాన్ని గేటుదాకా తోయమని ఏసుబాబుకు చెప్పారు. "అమ్మా, బండి కాస్త జోరందుకోగానే ఆపమనండి. నిలబడ్డాక మళ్ళీ తోయమనండి."

పెత్తనం చెయ్యడం ఆమెకు ఒకరు నేర్పాలా? "తొయ్యరా" అంది. ఏసుబాబు పళ్ళు బిగించి, మడమలు నేలకు తన్నిపెట్టి తోశాడు. బండి దొర్లడం మొదలైందో లేదో, "ఆపు" అంది. మళ్ళీ తొయ్యి, మళ్ళీ ఆపు. సగం దూరమైనా పోకముందే అతని చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వీడి మీద కోపంతో వచ్చిన మనిషికే ఆ అవస్థ చూసి ప్రాణం విలవిల్లాడింది.

"ఇట్టా మాటిమాటికీ ఆపితే పిల్లోడు చస్తాడు గదయ్యా! కదిలిన బండిని అట్టా పోనీరాదా?"

"మీ ఇష్టం. పోనివ్వండి."

ఏసుబాబు బండిని వెనక్కి తెచ్చి మళ్ళీ మొదటినుంచి తోశాడు. ఈసారి ఆమె ఆపమనలేదు. మొదట్లో ఒక్క ఊపు గట్టిగా తోశాక, ఏసుబాబు అరచెయ్యి ఆనించి బండి వెంట నడిచాడంతే. బండి గేటు చేరింది. సువార్తమ్మ ఆ అరచేతి వంకే చూస్తూ ఉండిపోయింది.

"అయితే ఎప్పుడూ కట్టకూడదా?" అని మెల్లగా అడిగింది.

మాస్టారు శిష్యుడి వైపు చూశారు. ఏసుబాబు ఆయాసపడుతూనే చెప్పాడు. "గదిలో ఎవరూ లేకపోతే కట్టెయ్ పిన్నీ. బాబాయి ఉన్నంతసేపూ ఇరవయ్యారులో పెట్టి, పైన ఫ్యాను తిప్పి వదిలెయ్. గది చల్లబడ్డాక అదే నెమ్మదిస్తుంది, కరెంటు తక్కువ తింటుంది. ఆపి వేసినప్పుడల్లా మళ్ళీ మొదట్నించీ తోసినట్టే."

మొగుడికి ఇప్పుడే ఏసీ వేస్తానంటూ సువార్తమ్మ గబగబా ఆటో ఎక్కేసింది.

ఏసుబాబు మొహం తుడుచుకున్నాడు. చాలా రోజులకు నవ్వొచ్చింది. "చూశారా మాస్టారూ, మిషను తప్పేం లేదు. అంతా మా పిన్ని చేసిందే."

"కరెంటు ఆదా అని చెప్పి, ఎలా వాడాలో చెప్పకుండా బిగించి వచ్చేశావు" అన్నారు మాస్టారు. "పాపం, ఆవిడ ఆదా చేసింది."