మసి పూయని ఆకులు

ఒకనాటి పొద్దున కోట బురుజు మీద పచార్లు చేస్తుండగా ముమ్మడి భూపతికి దానం చెయ్యాలనిపించింది. ఆయనకు ఏదైనా అనిపిస్తే సాయంత్రానికల్లా దండోరా పడాల్సిందే. పిల్లలకు చదువు చెబుతూ, వాళ్ళ ఇంటివాళ్ళనూ కనిపెట్టుకుని ఉండే బడి ఒకదానికి మూడేళ్ళపాటు ఖర్చంతా కోట భరిస్తుందని చాటించాడు. కావలసినవాళ్ళు అర్జీ పెట్టుకోవాలి.

అంతవరకూ బాగానే ఉంది. అర్జీ ఎలా ఉండాలో తేల్చే పని దానాధికారి కేశవామాత్యుడి చేతిలో పడింది. ఆయన ఇరవై ఏడు ప్రశ్నలు తయారుచేశాడు. మీ బడి ఆశయమేమిటి, ఆ ఆశయం వెనకున్న ఆశయమేమిటి, ఇవాళ అక్షరం దిద్దిన పిల్ల పదేళ్ళ తర్వాత ఏమవుతుంది, అలా అవుతుందని ముగ్గురు పెద్దమనుషులు సాక్ష్యం చెబుతారా. బడి పాతదై ఉండాలి, పద్ధతి మాత్రం ఎవరూ కనీవినీ ఎరగనిదై ఉండాలి.

అద్దకం వీధిలో బడి నడిపే గురవమ్మ ఆ ప్రశ్నలు విని ముందు నవ్వింది, తర్వాత దిగులుపడింది. ఆవిడ బడి ఒక రంగుల కొట్టు వెనక పాక. పొద్దున నలభైమంది పిల్లలు, మధ్యాహ్నం వాళ్ళ తల్లులు, దూలానికి వేలాడే ఉయ్యాలల్లో చంటివాళ్ళు. పాక యజమాని వానలు పడేలోగా ఖాళీ చెయ్యమన్నాడు. ఈ దానం వస్తే బడికి సొంత గోడలు లేస్తాయి, రాకపోతే మూసెయ్యాలి.

ఈ సంగతి ఓబళయ్యకు తెలుసు. కోటలో తాటాకులు ఉడకబెట్టి, ఆరబెట్టి, రాతకు సిద్ధం చేసే ఉద్యోగం అతనిది. కత్తిరించగా మిగిలిన ముక్కల్ని గురవమ్మ బడికి పంపేవాడు.

తాటాకు మీద ఘంటంతో రాస్తే అక్షరం కంటికి సరిగా ఆనదు. మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి రాత పైకి తేలుతుంది. దారిలో ఎవరూ చదవకుండా ఉండాలని, అర్జీలన్నీ మసి పూయకుండానే రావాలని ఆ రాజ్యంలో కట్టడి. దానాధికారి గదిలోనే మసి పూయాలి. ఆ మసి ఇచ్చేది కూడా ఓబళయ్యే.

మూడు వందల కట్టలొచ్చాయి. ఓబళయ్యే వాటిని మోసుకెళ్ళి గదిలో సర్దాడు. తొమ్మిది రోజులు గడిచినా మసి కావాలని అక్కణ్ణుంచి కబురు రాలేదు. పదోరోజు ఫలితం మాత్రం వచ్చేసింది.

దానం విద్యామహాపీఠానికి దక్కిందని అమాత్యుడు నిండు సభలో ప్రకటించాడు. పీఠాధిపతి ఆయన బావమరిది కావడం కేవలం కాకతాళీయం. వాళ్ళది పట్టుదారంతో కట్టిన నూరాకుల అర్జీ. గురవమ్మది ఏడాకులు. లోతు చాలదని దాన్ని పక్కన పెట్టేశారు. సభ చివర నిలబడ్డ గురవమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఓబళయ్యకు ఒళ్ళు మండింది. మండినా చేతులు కట్టుకుని వినయంగానే ముందుకొచ్చాడు.

"అమాత్యులవారు అర్జీలన్నీ చదివారా అండీ?"

"ఒక్క ఆకు వదలకుండా. నా కళ్ళతో నేనే చదివాను."

ఓబళయ్య రాజుకు దండం పెట్టాడు.

"అయితే ప్రభూ, వీరి కళ్ళకు సన్మానం చెయ్యాలి. మూడు వందల కట్టలూ మసి పూయకుండానే చదివేశారు."

రాజు సభలో తెచ్చి పేర్చిన కట్టల వైపు చూశాడు. ఒక్క ఆకుకైనా నలుపు అంటలేదు. అమాత్యుడు తడబడ్డాడు గానీ పడిపోలేదు. ఎండకు ఏటవాలుగా పట్టుకుంటే పండితుడి కంటికి మసి అక్కర్లేదని, అది తనకు చిన్నప్పుడే అబ్బిన విద్య అని చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు, తంటాలు పడితే అలా చదవగలిగేవాళ్ళున్నారు. రాజు కూడా సరేనన్నట్టు తలాడించాడు.

ఓబళయ్యకు కావలసింది అదే. ఆ విద్యను సభకు ఒక్కసారి చూపించమని బతిమాలుతూ, గెలిచిన కట్ట విప్పి మధ్యలోంచి ఒక ఆకు అందించాడు. అమాత్యుడు దాన్ని కిటికీ వెలుగుకు పట్టి, ఒక కన్ను మూసి, ధారాళంగా అందుకున్నాడు. పీఠంలో ఐదొందలమంది బాలబాలికలట, వాళ్ళ తల్లిదండ్రులకు ఆనందబాష్పాలట, పదేళ్ళలో రాజ్యమంతా జ్ఞానజ్యోతులట. ఆకు అంచు దగ్గర ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోలేదు. సభ మైమరిచిపోయింది.

ఓబళయ్య ఆ ఆకు తీసుకుని, వెంట తెచ్చుకున్న మసి ఈ కొసనుంచి ఆ కొసదాకా రుద్ది, గుడ్డతో తుడిచి రాజు చేతికిచ్చాడు. ఆకు మీద ఒక్క గీత లేదు. ఇంకొకటి రుద్దాడు, అదీ అంతే. మొదటి ఆకూ చివరి ఆకూ తప్ప తక్కిన తొంభై ఎనిమిదీ ఖాళీవే. కట్టలు సర్దేటప్పుడే ఓబళయ్య బొటనవేలికి ఆ నునుపు తగిలింది.

తెలిసీ ముందే ఎందుకు చెప్పలేదని రాజు గద్దించాడు.

"ఆకులు కోసుకునేవాడి మాట ఎవరు నమ్ముతారు ప్రభూ? అందుకే పండితులవారి చేత చదివించాను."

సభ గొల్లుమంది. రాజు నవ్వు ఆపుకుని గురవమ్మ అర్జీ తెమ్మన్నాడు. మసి పూస్తే ఏడాకుల మీదా అక్షరాలు లేచాయి. ఒక్కో ఆకు ఒక్కో చేతి రాత, పెద్దపెద్ద వంకర అక్షరాలు. బడికొచ్చే తల్లులే కూర్చుని రాశారు. ఏడో ఆకు మీద అమాత్యుడి చివరి ప్రశ్న ఉంది. ఈ దానం అందకపోయినా మీ బడి నడుస్తుందని నిరూపించండి, అని. దాని కింద జవాబు రాజే పైకి చదివాడు.

"నడవదు. అందుకే అడుగుతున్నాం."

ముమ్మడి భూపతి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. దానం గురవమ్మకిచ్చాడు, తన చేతి కంకణం తీసి ఓబళయ్యకు తొడిగాడు. మిగిలిన రెండు వందల తొంభై ఎనిమిది కట్టలకూ స్వయంగా మసి పూసి, ఇక్కడే కూర్చుని చదవమని అమాత్యుణ్ణి ఆజ్ఞాపించాడు.

పట్టుబట్టలు మార్చుకుని వస్తానని అమాత్యుడు మనవి చేసుకున్నాడు.

అక్కర్లేదన్నాడు రాజు.