కొత్త ఎప్పుడు?

ఆకలి నెలలో చేతికందిన దుంప మట్టిలోనే కుళ్ళిపోతోంది. గూడెంలో ఒక్కరూ దాన్ని నోట పెట్టడం లేదు. ఎందుకు పెట్టడం లేదో సుదర్శనానికి ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టలేదు.

సుదర్శనం మంచివాడు. అతనితో వచ్చిన చిక్కంతా అదే. మంచి చేస్తున్నప్పుడు కూడా ఎదుటివాళ్ళ మాట వినాల్సి ఉంటుందని అతనికి తట్టదు.

కొండ దిగువన ఏటి ఒడ్డున పరదేశయ్య అనే పెద్దాయన దగ్గర అతను శిష్యరికం చేస్తున్నాడు. ఆశ్రమం అని పేరేగానీ అక్కడున్నవి రెండు తాటాకు పాకలు, ఓ వంటసాల, నాలుగు గోంగూర మళ్ళు. పరదేశయ్య ఉపదేశాలు చెప్పే రకం కాదు. ఏదైనా అడిగితే చేతికో పని అప్పజెప్పి ఊరుకుంటాడు. ఆ ఏడు చైత్రంలో సుదర్శనం వచ్చి, "స్వామీ, నాకు జనానికి పనికొచ్చే పని ఏదైనా చెయ్యాలని ఉంది" అన్నాడు.

"కొండమీద గూడెం ఉంది. వెళ్ళి ఉండు."

"అక్కడ ఏం చెయ్యమంటారు?"

"ఉండమన్నానుగా."

ఊరికే ఉండమంటే ఉంటాడా సుదర్శనం! వారం తిరక్కుండానే గూడెం కష్టం ఏమిటో కనుక్కున్నాడు. అక్కడ పాతిక ఇళ్ళున్నాయి. వానాకాలం నడిమికి వచ్చేసరికి ఇళ్ళల్లో సామలూ రాగులూ నిండుకుంటాయి. మళ్ళీ పంట రావడానికి రెండు నెలలు పడుతుంది. ఆ రెండు నెలలూ మామిడి టెంకల పిండితో కాచిన జావే కడుపుకి ఆధారం. అడవిలో దుంపలు దొరుకుతాయిగానీ, ఒక్కదాన్ని తవ్వి తియ్యాలంటే మనిషి లోతు గొయ్యి తియ్యాలి. ఖాళీ కడుపుతో అంత గొయ్యి ఎవరు తీస్తారు?

సుదర్శనానిది గోదావరి లంకల్లో ఊరు. అక్కడి ఇసక నేలల్లో చిలగడదుంప విరగకాస్తుంది. ఈ కొండమీద ఆ పంట ఎవరూ ఎరగరు. అతను తన ఊరు వెళ్ళి తీగలు కోసుకుని, తడిపిన గోనెలో చుట్టి మోసుకొచ్చాడు. వాగు పక్కన నేల చదును చేయించాడు. గూడెం అంతా వచ్చి సాయం పట్టింది. మగవాళ్ళు మట్టి ఎగదోశారు, ఆడవాళ్ళు కుండలతో నీళ్ళు పోశారు.

తీగ నాటిన రోజునే గూడెం పెద్ద కన్నపరెడ్డి అడిగాడు. "బాబూ, దీని కొత్త ఎప్పుడు?"

"ఇదే కొత్త! ఇంతకుముందు ఈ కొండమీద ఎవరు వేశారు?" అన్నాడు సుదర్శనం హుషారుగా.

కన్నపరెడ్డి తలూపి వెళ్ళిపోయాడు. తీగ పాకిన తర్వాత మళ్ళీ వచ్చి, "కొత్త ఎప్పుడో చెప్పావు కాదు" అన్నాడు. "అంతా కొత్తే పెద్దాయనా, నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది" అని భుజం తట్టి పంపాడు సుదర్శనం. ఆడవాళ్ళు కూడా వాగు దగ్గర కనిపించినప్పుడల్లా అదే అడిగేవాళ్ళు. వీళ్ళకి కొత్తంటే ఎంత బెదురో అనుకుని జాలిపడేవాడు.

శ్రావణంలో దుంప ఊరింది. సుదర్శనం తవ్వి తీసి ఇంటింటికీ బుట్ట ఇచ్చి వచ్చాడు. ఎవరూ వద్దనలేదు. తీసుకుని గుమ్మం పక్కన పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున చూస్తే బుట్టలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. లోపల పొయ్యిమీద టెంక జావ ఉడుకుతోంది.

భయపడుతున్నారేమోనని అతను అందరి ఎదురుగా ఓ దుంప నిప్పుల్లో కాల్చుకుని తిన్నాడు. తింటున్నంతసేపూ జనం అతన్ని చావుకి ఎదురెళ్తున్నవాణ్ణి చూసినట్టు చూశారు. తినడం అయ్యిందో లేదో కన్నపరెడ్డి ఇంటావిడ ఏదో వేరు నూరి కషాయం కాచి తెచ్చింది. "తాగు బాబూ" అని, తాగేదాకా కదల్లేదు. ఒంట్లో నలతేమీ లేదే, ఇదెందుకని అడిగితే నవ్వేసి వెళ్ళిపోయింది.

తర్వాత ముసురు పట్టింది. నేల చిత్తడై మట్టిలో ఉన్న దుంపకు పురుగు పట్టడం మొదలైంది. సుదర్శనానికి దుఃఖమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. గొడుగు తీసుకుని కొండ దిగిపోయాడు.

పరదేశయ్య అరుగుమీద గోంగూర వలుస్తున్నాడు.

"స్వామీ, ఇంక నేను ఆ కొండ ఎక్కను. నాలుగు నెలల కష్టం బూడిదలో పోసినట్టయింది. అక్కడ పసిపిల్లలు జావనీళ్ళు తాగి పడుకుంటున్నారు, గుమ్మంలో దుంప కుళ్ళుతోంది. ఎందుకు తినరు వీళ్ళు?"

"అడిగావా?"

"వందసార్లు అడిగాను. నవ్వుతారు."

"వాళ్ళు నిన్నేమైనా అడిగారా?"

సుదర్శనం చిరాకుపడ్డాడు. "వాళ్ళేం అడుగుతారు స్వామీ! ఎప్పుడు చూసినా కొత్త ఎప్పుడు, కొత్త ఎప్పుడు అంటారు. అంతే."

పరదేశయ్య చేతిలో కట్ట పక్కన పెట్టి లేచాడు. "పద. నాకూ ఆకలేస్తోంది" అన్నాడు.

ముసలాయన కొండ ఎక్కడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. స్వామి వచ్చాడని గూడెం అంతా కన్నపరెడ్డి వాకిట్లో చేరింది. సుదర్శనం గబగబా నాలుగు మంచి దుంపలు ఏరి, కాల్చి, అడ్డాకులో పెట్టి గురువుగారి ముందుంచాడు. కాలిన దుంప వాసన వాకిలంతా కమ్మేసింది. గురువుగారు తింటే వీళ్ళూ తింటారు, ఇంత చిన్న ఉపాయం ముందే తోచలేదేమని అతను మనసులో తనని తాను తిట్టుకున్నాడు.

పరదేశయ్య ఒక దుంప తీసుకున్నాడు. వాసన చూశాడు. మళ్ళీ ఆకులో పెట్టేసి కన్నపరెడ్డి వైపు తిరిగాడు.

"దీని కొత్త ఎప్పుడు పెద్దాయనా?"

వాకిట్లో ఒక్కసారిగా గోల లేచింది. కన్నపరెడ్డి అయితే నెత్తిమీంచి బరువు దింపుకున్నవాడిలా నిట్టూర్చాడు. "అదే కద సామీ! నాలుగు నెలల నుంచీ మేం అడిగేదదే. ఈ బాబు చెప్పడు. ఇదే కొత్త అంటాడు, అంతా కొత్తే అంటాడు. కొత్త పెట్టకుండా ఎలా తినేది?"

ఆ కొండమీద కొత్త అంటే ఒక రోజు. మామిడి కొత్త, చిక్కుడు కొత్త, సామ కొత్త అని ఏ పంటకి ఆ పంటకే ఉంటుంది. ఆ రోజు పంటని ముందు వేసిన పెద్దలని పేరుపెట్టి పిలిచి, వాళ్ళకి చూపించి, అప్పుడు తింటారు. అంతవరకు చెట్టుకింద రాలిన మామిడిపండు కూడా ఎవరూ కొరకరు, కొరికితే ఒంటికి కీడని నమ్మకం. ఈ సంగతి గూడెంలో నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలుసు. ఇంత చదువుకున్న బాబుకి తెలియదని ఎవరనుకుంటారు? ఏదో కారణముండి చెప్పడం లేదనుకున్నారు.

"అంటే, చెప్పాల్సింది నేనా?" అన్నాడు సుదర్శనం.

"పంట తెచ్చినోడు కాక ఇంకెవరు చెప్తారు?"

"మరి నేను తినేశానే!"

"తిన్నావు. అందుకే కద మా ఇంటిది పరుగున కషాయం తెచ్చి పోసింది!"

వాకిలి వాకిలంతా నవ్వింది. సుదర్శనం కూడా నవ్వాడు. ఇంతేనా, ఇంత చిన్నదానికా ఇన్నాళ్ళు అనుకుంటే అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది. "ఇవాళే పెట్టేద్దాం. ఇప్పుడే పెట్టేద్దాం!" అన్నాడు.

వాకిలి అలికారు. ముగ్గుపిండితో గడి గీశారు. దుంపలున్న ఆకు గడిలో పెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చుకుని కన్నపరెడ్డి తూర్పుకి తిరిగి కూర్చున్నాడు.

"చెప్పు బాబూ. మా పంటకైతే మా పెద్దల్ని పిలుస్తాం. నీ పంటకి నీ పెద్దలు రావాలి. ఈ తీగ మీ ఊళ్ళో ఎవరు నాటారు?"

"మా నాయనమ్మ."

"పేరు?"

సుదర్శనం నోరు తెరిచాడు. పేరు రాలేదు. నాయనమ్మ మడమల పగుళ్ళు గుర్తొచ్చాయి. తీగ తుంచేటప్పుడు పాలు అంటి నల్లబడిన ఆమె వేళ్ళు గుర్తొచ్చాయి. బూడిదలోంచి దుంప తీసి, ఉఫ్ ఉఫ్ అని ఊది, చేతిలో పెట్టేది. అతను పదేళ్ళవాడై ఉండగా పోయింది. పేరు మాత్రం ఎప్పుడూ విన్నట్టే లేదు.

"నాయనమ్మ అనే పిలిచేవాణ్ణి" అన్నాడు.

"నాయనమ్మంటే మా అందరి నాయనమ్మలూ లేచొస్తారు బాబూ" అన్నాడు కన్నపరెడ్డి. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అన్నాడు. చెంబు కింద పెట్టాడు.

జనం చూస్తున్నారు. చంకలో బిడ్డలున్న తల్లులు ఆకువైపు చూస్తున్నారు. సుదర్శనం గురువుగారి పక్కకి వంగి గొంతు తగ్గించాడు. "స్వామీ, లక్ష్మమ్మ అని చెప్పేస్తాను. ఎవరికి తెలుస్తుంది? పిల్లలు ఆకలితో ఉన్నారు. ఏ పేరైతే ఏముంది?"

పరదేశయ్య చూరుకు తగిలించి ఉన్న గొడుగు తీసి అతని చేతిలో పెట్టాడు.

"కింద మూడింటికి బస్సుంది" అన్నాడు.

సుదర్శనం బస్సు దిగి, పడవ దాటి, మర్నాడు మధ్యాహ్నానికి తన ఊరు చేరాడు. మేనత్త పెరట్లో ఆనపపాదుకు పందిరి కడుతోంది. తడిసి ముద్దయి వచ్చిన మేనల్లుణ్ణి చూసి కంగారుపడింది.

"అత్తయ్యా, నాయనమ్మ పేరేమిటి?"

ఆమె చేతిలో పురికొస అలాగే ఉండిపోయింది. "అమ్మ పేరా? మీ తాతయ్య ఏమేవ్ అనేవాడు. ఊళ్ళోవాళ్ళు పెద్దింటి కోడలు అనేవాళ్ళు. మేం అమ్మా అనేవాళ్ళం." కాసేపు ఆలోచించింది. "అచ్చాయమ్మరా. మా అమ్మ అచ్చాయమ్మ."

చెప్పి కళ్ళు ఒత్తుకుంది. "చూశావా, ఆ పేరు నా నోట పలికి ఎన్నేళ్ళయిందో! ఇప్పుడెందుకు గుర్తొచ్చిందిరా నీకు?"

సుదర్శనం సంగతంతా చెప్పాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"అయితే ఇంకో పేరు కూడా పట్టుకెళ్ళు" అంది మేనత్త. "ఆ తీగ మా అమ్మది కూడా కాదు. కాపరానికొచ్చిన ఏడు పుట్టింటి నుంచి తెచ్చుకుంది. వాళ్ళమ్మ ఇచ్చి పంపిందట. ఆవిడ పేరు పేరంటాలు. ఏదీ, ఓసారి చెప్పు, మర్చిపోతావు."

అచ్చాయమ్మ, పేరంటాలు. అచ్చాయమ్మ, పేరంటాలు. పడవలో, బస్సులో, కొండదారిలో జారుతూ లేస్తూ అతను ఆ రెండు పేర్లే అనుకుంటూ వచ్చాడు.

మూడోరోజు మిట్టమధ్యాహ్నానికి గూడెం చేరాడు. వాగు పక్కన మడి ఖాళీగా ఉంది. గూడెంలోకి పరుగెత్తాడు. కన్నపరెడ్డి ఇంట్లోకి వెళ్ళి చూస్తే, చెడగా మిగిలిన దుంపంతా తవ్వి తెచ్చి, పొయ్యిపైన అటకమీద పొగ తగిలేలా ఆరబెట్టి ఉంది. సగానికి సగం మిగిలింది. ఆ అటక కిందే కూర్చుని పరదేశయ్య నీళ్ళలాంటి టెంక జావ తాగుతున్నాడు.

"ఇన్ని రోజులు నాకోసం ఆగారా?" అన్నాడు సుదర్శనం.

"నీకోసమా? ఆవిడకోసం" అన్నాడు కన్నపరెడ్డి. "ఏం పేరు?"

ఈసారి వాకిట్లో చినుకులు పడుతున్నా ఎవరూ లోపలికి పోలేదు. కన్నపరెడ్డి చెంబుతో నీళ్ళు వదిలి, చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని, కొండ అవతలున్న మనిషిని కేకేసినట్టు పిలిచాడు. "అచ్చాయమ్మా, రా! పేరంటాలమ్మా, రా! మీ పంట మా కొండెక్కింది. ఇదిగో చూసుకోండి!"

తర్వాత అందరూ తిన్నారు. తల్లులు దుంప మెత్తగా నలిపి పిల్లల నోట్లో పెట్టారు. తియ్యగా ఉందన్నారు, పీచు లేదన్నారు, ఉప్పు వేసి ఉడికిస్తే ఇంకా బావుంటుందేమోనని ఒకళ్ళిద్దరు వాదన పెట్టుకున్నారు. పరదేశయ్య తొక్కతో సహా రెండు తిని మూడోదానికి చెయ్యి చాచాడు.

కన్నపరెడ్డి వచ్చి సుదర్శనం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "బాబూ, పైఏడు మళ్ళీ పిలవాలి కద. వాళ్ళిద్దరి వెనక నీ పేరు కూడా వస్తుంది ఎప్పుడో ఒకప్పుడు. ఇప్పుడే కాదులే, కంగారుపడకు. మా మనవళ్ళకి నేర్పిపెట్టాలి. ఇంతకీ నీ పేరేంటి?"

సుదర్శనం చెప్పాడు. కన్నపరెడ్డి రెండుసార్లు తప్పు పలికి మూడోసారి సరిగ్గా పలికాడు.

అంతలో కన్నపరెడ్డి ఇంటావిడ ఇంకో దుంప ఆకులో పెట్టి తెచ్చి సుదర్శనం ముందు వంగింది. ఇన్ని నెలలూ పొద్దున్నే అతనికి జావ పోసింది ఆవిడే. సుదర్శనం ఆకు అందుకోబోయి ఆగాడు. లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నీ పేరేమిటి?"

ఆవిడ బిత్తరపోయి మొగుడివైపు చూసింది. ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపటికి చెప్పింది.

"సింగారమ్మ."